గవిరయ్య ఎడమచెయ్యి

ఇక ఈ జన్మలో కుడిచేత్తో కత్తి పట్టనని గవిరయ్య ఒట్టు పెట్టుకున్నాడు. క్షవరం చేసి బతికేవాడు పెట్టుకోవాల్సిన ఒట్టేనా అది! ఊళ్ళో నవ్వేవాళ్ళు నవ్వారు గానీ, సంగతి తెలిసినవాళ్ళెవరూ నవ్వలేదు.

తాండవ ఏటి ఒడ్డున పరదేశయ్యగారి మఠం ఉండేది. మఠమంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు తాటాకు పాకలు, ఒక నుయ్యి, చుట్టూ కాసిని గుమ్మడి పాదులు, అంతే. పరదేశయ్యగారు తలా గడ్డం నున్నగా గీయించుకుని, కావిపంచె కట్టుకుని, వచ్చినవాళ్ళకి ఇంత గంజి పోసేవారు. అడిగితే ఒక మాట చెప్పేవారు. అడక్కపోతే అదీ లేదు.

గవిరయ్య పడుచువాడిగా ఉన్నప్పట్నుంచీ ఆయన శిష్యుడు. పౌర్ణమి వచ్చిందంటే చాలు, కత్తులూ పటికా ఉండే పొది చంకన పెట్టుకుని వచ్చేవాడు. గురువుగారికి క్షవరం చేసి, సాయంత్రం భజనలో తాళం వేసి, మర్నాడు వెళ్ళేవాడు. గవిరయ్య కత్తి పెడితే పెట్టినట్టే తెలీదని ఆ చుట్టుపక్కల చెప్పుకునేవారు. తాళం సంగతైతే ఇక చెప్పక్కర్లేదు. వాళ్ళ కులంలో క్షవరం ఎంతో సన్నాయి మేళమూ అంతే. పెళ్ళికొడుక్కి గడ్డం గీసేదీ వాళ్ళే, పెళ్ళిలో మేళం వాయించేదీ వాళ్ళే.

అలాంటివాడు నెలల తరబడి మఠం ఛాయలకి రాలేదు. వచ్చిన రోజున పొది చంకలో ఉంది గానీ మనిషి మనిషిలా లేడు. గడ్డం మాసిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. చూస్తే గురువుగారి గడ్డమూ అలాగే పెరిగి ఉంది.

"అయ్యో, మీకు ఎవరూ చెయ్యలేదా సామీ?"

"నువ్వు రాలేదుగా" అన్నారాయన.

ఆ మాటకి గవిరయ్య నేలమీద కూలబడి భోరుమన్నాడు. ఏడుస్తూనే సంగతంతా చెప్పాడు.

వాళ్ళ అక్క అప్పాయమ్మకి ఒక్కడే కొడుకు, రాఘవులు. గవిరయ్యకి పిల్లల్లేరు. మేనల్లుణ్ణి భుజాన వేసుకుని పెంచాడు, కత్తి పట్టడం నేర్పాడు, సన్నాయి ఊదడం నేర్పాడు. ఆ రాఘవులికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి తరలివెళ్ళే రోజు పొద్దున్నే అక్కగారి వాకిట్లో పీటవేసి, పెళ్ళికొడుక్కి మేనమామే గడ్డం గీశాడు. దవడ కింద కత్తికి తెగింది. ఎంతో కాదు, చిన్న గాటు. "మావయ్యకి చెయ్యి వణికిందిరోయ్, ముసలాడైపోయాడు!" అని అందరూ నవ్వారు. రాఘవులూ నవ్వాడు. పటిక అద్దారు, ఇంత పసుపు పెట్టారు, బళ్ళెక్కారు. పెళ్ళి దివ్యంగా జరిగింది.

వారం తిరక్కుండా కుర్రాడికి దవడలు బిగుసుకుపోయాయి. ధనుర్వాతం. టౌను ఆస్పత్రికి బండి కట్టేసరికే ఒళ్ళు విల్లులా వంగిపోయింది. దారిలోనే పోయాడు.

"ఈ చెయ్యే సామీ" అంటూ గవిరయ్య కుడిచెయ్యి చాపాడు. "ఇదే వాణ్ణి చంపింది. దీన్ని నరికేసుకుందామని కత్తి తీశాను. ధైర్యం చాల్లేదు."

గురువుగారు ఆ చేతికేసి చూడలేదు. "మీ అక్క ఏమంది?" అన్నారు.

"అక్క నన్ను ఒక్క మాటన్లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వణకని చెయ్యి ఆవేళే ఎందుకు వణికిందిరా, అంతా ఆ పిల్ల జాతకం అంటోంది. ఊరూ అదే అంటోంది."

పిల్లంటే పెళ్ళికూతురు, మాణిక్యం. కాళ్ళ పారాణి ఆరకముందే బొట్టు పోగొట్టుకుంది. వాళ్ళలో మారుమనువు తప్పేమీ కాదు. కానీ వారంలో మొగుణ్ణి మింగిందని పేరుపడ్డదాన్ని ఎవడు చేసుకుంటాడు? పుట్టింట్లో ఇంకో ఆడపిల్ల పెళ్ళికుంది. ఈవిణ్ణి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే ఆ గుమ్మంలోకి సంబంధం రాదని వాళ్ళూ తీసుకెళ్ళలేదు. దాంతో అత్తగారింట్లోనే పడి ఉంది.

"ఆ పిల్ల ఏమంటోంది?" అడిగారు గురువుగారు.

"ఏమంటుంది సామీ. తలొంచుకుని పేడ తీస్తోంది."

పరదేశయ్యగారు లేచి తానే నూతిలో నీళ్ళు తోడుకుని, గడ్డం తడుపుకుని, పీట తెచ్చుకుని గవిరయ్య ఎదురుగా కూచున్నారు.

"ఎడమచెయ్యి ఉందిగా. గియ్యి."

గవిరయ్య నిర్ఘాంతపోయాడు. "దానికేం తెలుసు సామీ? అది ఎన్నడూ కత్తి పట్టలేదు."

"నేర్పు."

"అయితే ముందు గుమ్మడికాయ మీద నేర్పుకుంటాను. మా అయ్య నాకు అలాగే నేర్పాడు. బూడిద గుమ్మడికాయ మీద తోలు గీరుకోకుండా బూడిద మాత్రం లేపాలి. అది వచ్చాక మనిషి."

"గుమ్మడికాయకి నొప్పెట్టదు" అన్నారు గురువుగారు, గడ్డం ఎత్తి. "నీకు భయం వెయ్యదు. గియ్యి."

ఆ మొదటిరోజు చూడాలి ఆ ముసలాయన మొహం! చెవిదగ్గర ఒకటి, బుగ్గమీద రెండు, గడ్డం కింద లెక్కే లేదు. మఠంలో వంట చూసే సూరన్న అని ఒక పెద్ద శిష్యుడుండేవాడు, ఒట్టి చాదస్తపు మనిషి. గరిటె పట్టుకుని బయటికొచ్చినవాడు అక్కడే గుడ్లు మిటకరించాడు.

"ఓరి నీ చేతులు పడిపోనూ! ఎడమచేత్తో గురువుగారి మొహం ముట్టుకుంటావట్రా? బుద్ధుందా?"

"అరవకు సూరన్నా" అన్నారు గురువుగారు, రక్తం కారుతుండగానే. "ఇన్నేళ్ళుగా ఆ చెయ్యి నా దవడ పట్టుకునే ఉంది. నువ్వు చూళ్ళేదు."

సూరన్న గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయాడు. గవిరయ్య ఆ మాట విననే లేదు. పటిక అద్దుతూ ఏడుస్తున్నాడు.

గవిరయ్య మఠంలోనే ఉండిపోయాడు. రోజూ పొద్దున్నే గురువుగారు పీటవేసుకుని కూచునేవారు. అదేం చిత్రమో, కుడిచేతికి నిద్రలో కూడా తెలిసిన పని ఎడమచేతికి చెబితే అర్థం కాదు. కత్తి ఎంత వాలుగా పెట్టాలో దానికి తెలీదు. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ తేలిక చెయ్యాలో తెలీదు. కుడిచేతివాడు నిలబడే చోట నిలబడితే మోచెయ్యి ఆనదు, అవతలికి పోతే తన నీడే మొహంమీద పడుతుంది. తోలుపట్టా మీద కత్తి పదును పెట్టబోయి పట్టానే కోసుకున్నాడు ఒకసారి. చెయ్యి అలవాటు పడాలని నీళ్ళూ ఎడమచేత్తోనే తోడాడు, బియ్యంలో రాళ్ళూ ఎడమచేత్తోనే ఏరాడు. రాత్రి పడుకునేవేళకి భుజం పోటెత్తేది.

మఠానికి వచ్చేపోయేవాళ్ళు గురువుగారి మొహం చూసి హడలిపోయేవారు. ఆయన మాత్రం నోరెత్తేవారు కాదు. కత్తి దిగినప్పుడు కళ్ళు మూసుకునేవారు, ఒక క్షణం ఆగి మళ్ళీ గడ్డం ఎత్తేవారు. ఆ గడ్డం ఎత్తడం చూస్తే గవిరయ్యకి ప్రాణం పోయినట్టుండేది. తిట్టినా బాగుండును అనుకునేవాడు పాపం.

అలా అలా గాట్లు తగ్గాయి. ఒకరోజు పొద్దున కత్తి బుగ్గమీద సర్రుమని నడిచింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా పట్టుకోలేదు. మొహం కడిగి తుడిచి చూస్తే ఒక్క ఎర్ర చుక్క లేదు. గవిరయ్య ఆ బుగ్గలు తడిమి తడిమి చూసుకున్నాడు. రాఘవులు పోయాక అతని మొహంలో నవ్వు కనబడటం అదే మొదలు.

"బతికాను సామీ!" అన్నాడు. "ఆ పాపిష్టి చేతిని వదిలించుకున్నాను. ఈ చెయ్యి ఎవర్నీ చంపలేదు. దీంతోనే బతికేస్తాను. రేపు ఇంటికి పోతాను, సెలవియ్యండి."

"పోదువుగాని. పోయేముందు ఇంకొక్కసారి గియ్యి."

మర్నాడు పొద్దున గురువుగారు ఎప్పట్లాగే కూచున్నారు. గవిరయ్య ఎడమచేత్తో కత్తి పట్టి, కుడిచేతి బొటనవేలితో దవడ కింద చర్మం బిగించి పట్టుకుని గీస్తున్నాడు. హాయిగా గీస్తున్నాడు. కత్తి దవడ ఎముక దాటి కిందికి దిగుతుండగా, పరదేశయ్యగారు గవిరయ్య కుడిచెయ్యి మణికట్టు దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగారు.

బిగువుగా ఉన్న చర్మం వదులైంది. కత్తి కసుక్కున దిగింది. రక్తం మెడమీదుగా కావిగుడ్డ మీదికి కారింది.

గవిరయ్య కెవ్వుమని కత్తి అవతల పారేశాడు. "ఎందుకు లాగారు సామీ! పట్టు వదిలితే తెగదూ? ఇంత చిన్న సంగతి ఎవరికి తెలీదు..." అంటూ అంటూ సగంలో ఆగిపోయాడు.

గురువుగారు రక్తం తుడుచుకోలేదు.

"ఆవేళ ఎవరు లాగారు?" అని అడిగారు.

ఎవరూ లాగలేదు. ఆ సంగతి గవిరయ్యకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు.

ఆ పొద్దున అక్కగారి వాకిట్లో మేళంవాళ్ళు సన్నాయి సరిచూసుకుంటున్నారు. డోలు కొడుతున్నవాడు కొత్తవాడు, దరువు సాగదీస్తున్నాడు. గవిరయ్యకి ఒళ్ళు మండింది. వచ్చిన చుట్టాలందరూ అక్కడే ఉన్నారు. తాను ఉండగా తన మేనల్లుడి పెళ్ళిలో దరువు తప్పడమా? కుడిచేత్తో కత్తి నడుపుతూనే, రాఘవులి దవడమీంచి ఎడమచెయ్యి తీసి తొడమీద చరుస్తూ "ఇదిరా దరువు, ఇదీ!" అని అరిచాడు. చుట్టాలు శభాష్ అన్నారు. ఆ శభాష్ చెవిన పడుతుండగానే కత్తి దిగింది.

ఎవడో నవ్వుతూ చెయ్యి వణికిందన్నాడు. గవిరయ్య ఆ మాట పట్టేసుకున్నాడు. కుర్రాడు పోయాక అందులో తలదాచుకున్నాడు. వణకడం మనిషి చేసేది కాదు కదా! వణికితే ఎందుకు వణికిందని అక్క వెతికింది, వెతికితే ఆ పిల్ల దొరికింది. తమ్ముడు అదంతా చూస్తూనే ఉన్నాడు, నోరు మెదపలేదు. కుడిచేతిని తిట్టుకుంటూ కూచున్నాడు.

ఇదంతా గవిరయ్య గురువుగారికి చెప్పాడు. తల పైకెత్తకుండా చెప్పాడు.

"మీ అక్కకి చెప్పావా?"

"లేదు సామీ."

పరదేశయ్యగారు అప్పుడు గుడ్డ తీసుకుని మెడకి అదుముకున్నారు. గవిరయ్య కత్తి వెతికి తీసి, కడిగి, పొదిలో పెట్టుకుని బయల్దేరాడు.

అక్క ఊరు చేరేసరికి బాగా పొద్దెక్కింది. అప్పాయమ్మ అరుగుమీద కూచుని చేటలో బియ్యం ఏరుతోంది. తమ్ముణ్ణి చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఎంత చిక్కిపోయావురా నాయనా! ఆ దరిద్రపుది నా కొడుకుని మింగింది, ఇప్పుడు నిన్ను మింగుతోంది. ఒసే, మావయ్యకి కాళ్ళకి నీళ్ళు పెట్టు!"

మాణిక్యం చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. పెట్టి, గోడవైపు తిరిగి నిలుచుంది. ఎవరైనా వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఎదురుపడొద్దని మొదట్లో అత్తగారు కసిరేది. ఇప్పుడు కసరాల్సిన పని లేదు, తనంత తనే తిరిగిపోతోంది. ఏమాత్రం వయసని ఆ పిల్లకి!

మాణిక్యం లోపలికి పోబోయింది.

"ఉండమ్మా" అన్నాడు. "నువ్వూ వినాలి."

కాళ్ళు కడుక్కోలేదు, కూచోలేదు. వాకిట్లో నిలబడే చెప్పాడు. డోలు సంగతి చెప్పాడు, దరువు సంగతి చెప్పాడు, చుట్టాల శభాష్ కూడా చెప్పాడు.

"నా చెయ్యి వణకలేదక్కా. నేనే తీశాను. నలుగురిలో గొప్ప కోసం తీశాను. ఈ పిల్ల జాతకం అంటున్నావే, ఆ గాటు పడేనాటికి ఈ పిల్ల నీ గుమ్మమే తొక్కలేదు. పెళ్ళికి మనం ఇంకా బళ్ళే కట్టలేదు."

అప్పాయమ్మ చేట పక్కన పెట్టింది. పెట్టడం సరిగ్గా పెట్టలేదేమో, బియ్యం అరుగంతా ఒలికాయి. ఆవిడ వాటిని చూడలేదు. తమ్ముడి మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

"నా ఎదురుగా కూచుని నా చేతి ముద్ద తిన్నావు కదరా" అంది చివరికి. "నేను ఈ పిల్లని నోటికొచ్చినట్టు తిడుతుంటే వింటూ తిన్నావు. ఎన్నెన్ని మాటలు అనిపించావురా నాచేత!"

గవిరయ్య వంగి, ఒలికిన బియ్యం ఎత్తబోయాడు.

"పో. మళ్ళీ నా గుమ్మం ఎక్కకు."

లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కోడలి మొహం చూసే ధైర్యం ఆవిడకీ లేకపోయింది.

మాణిక్యం ఇంకా గోడవైపే తిరిగి ఉంది.

"అయితే నావల్ల కాదా మావయ్యా?" అంది.

"కాదమ్మా."

"నిజంగా కాదా?"

"కాదు తల్లీ. నీవల్ల కానే కాదు."

ఆ పిల్ల ఇటు తిరిగింది. గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూచుంది. కాసేపు తన కాళ్ళకేసి చూసుకుంది.

"నాతో సరిగ్గా మాట్లాడనైనా లేదు" అంది. "సిగ్గు ఆయనకి. పెళ్ళైన మూడోనాడు, ఎవరూ చూడకుండా వచ్చి నా ఒళ్ళో జామకాయలు పడేసి పారిపోయాడు. ఒక కాయ అప్పటికే కొరికి ఉంది, తియ్యగా ఉందో లేదో చూశాడనుకుంటాను..."

అని ఇక మాట్లాడలేకపోయింది. మోకాళ్ళమధ్య తల పెట్టుకుని ఏడ్చింది. అలాంటి ఏడుపు ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ వినలేదు. చచ్చిపోయిననాడు శవం మీద పడి ఏడవబోతే, ముట్టుకోవద్దని ఆ పిల్లని రెక్కపట్టి లాగేశారు. గవిరయ్య ఓదార్చబోలేదు. ఓదార్చే మొహం తనకి లేదని అతనికి తెలుసు. వచ్చిన దారినే నడిచాడు.

మఠానికి వచ్చేసరికి పరదేశయ్యగారు గుమ్మడి పాదులకి నీళ్ళు పోస్తున్నారు. మెడకి గుడ్డ కట్టే ఉంది. చెంబు కింద పెట్టి శిష్యుడికేసి చూశారు.

"మీ అక్క?"

"తలుపేసుకుంది సామీ. గుమ్మం ఎక్కొద్దంది."

"ఆ పిల్ల?"

"ఏడుస్తోంది. వాడు జామకాయలు తెచ్చిచ్చాడంట, అది చెప్పుకుని చెప్పుకుని ఏడుస్తోంది. ఊరి చివర చెరుకుతోట దాటేదాకా నాకు వినబడుతూనే ఉంది."

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోనీలే" అన్నారు. "ఇన్నాళ్ళూ అందరూ తప్పెవరిదా అనే చూశారు. ఇప్పటికి ఆ కుర్రాడి కోసం ఏడ్చే మనిషొకరు దొరికారు."